లీటరుకు ఎంత నూనె

బావగారికి,

మేం బాగున్నామని రాయబోయి కొట్టేశాను, ఏమీ అనుకోకండి. మీరూ మీ తమ్ముడూ మాట్లాడుకోరని తెలిసే రాస్తున్నాను. ఇంజన్లు బాగుచేసేవాళ్ళు మనవాళ్ళలో మీరొక్కరే.

ఆయన పక్షవాతంతో పడిపోయాక పార్కులో ఆయన పని నాకిచ్చారు. గడ్డి కోసే కొత్త మిషను వచ్చింది. పెట్రోల్లో ఆయిలు ఎంత కలపాలో నాకు తెలియదు. తెలుసని చెప్పి చేరాను, ఇప్పుడక్కడ ఎవర్నీ అడగలేను. బయట మెకానిక్ ఒక లెక్క చెప్పాడు, బంకులో అతను అందులో సగం చాలన్నాడు. "ఆయిలు ఎక్కువై పొగొస్తే రానీ. తక్కువై ఇంజను పట్టేసిందంటే మాత్రం నువ్వింక రావక్కర్లేదమ్మా" అని సూపర్‌వైజరు ముందే చెప్పేశాడు.

పాత మిషనుకు ఆయన ఏనాడూ ఆయిలు కొలిచి పోయలేదు. సీసా కిటికీ వెలుతురుకు ఎత్తి, రంగు చూసి ఆపేవారు. అందుకని మంచం పక్కనే కూర్చుని, ఆయిలు కొంచెం కొంచెంగా పోస్తూ "చాలా?" అని అడిగాను. తల ఊపారు. మాట పోయినా పని మరిచిపోలేదని ఎంత సంబరపడ్డానో. తీరా మిషన్లో పోయబోతూ ఎందుకో అనుమానమొచ్చి, చుక్క ఆయిలు కలపని ఉత్త పెట్రోలు సీసా చూపించి "చాలా?" అన్నాను. దానికీ అలాగే తల ఊపారు.

లీటరుకు ఎంతో రాసి పంపమని అడుగుదామనే మొదలుపెట్టాను. రాయొద్దు, మీరే రండి. మీ మాటెత్తితే మొహం తిప్పేసుకునే మనిషి. మిమ్మల్ని చూసి కూడా అలాగే తల ఊపితే, ఇక ఆయన్ని ఏమీ అడగను.

మీ మరదలు