జీడి చేతులకు జామీను

నర్సీపట్నం,
బుధవారం.

సింహాద్రమ్మ అత్తకు మేనకోడలు రోజారమణి నమస్కరించి రాస్తున్నది.

ఈ ఉదయం మా వీధిలో పాలు వేసే గున్నమ్మ ప్యాకెట్లు ఇస్తూ చెయ్యి చాపింది. ఆ అరచేతిలో గీతలు లేవు. ఒకప్పుడు జీడిపిక్కలు కొట్టి కొట్టి, పెంకులోంచి కారే నూనెకు చర్మం లేచిపోయి, కొత్త చర్మం కాగితంలా నున్నగా వచ్చింది. నీ చేతులూ అంతే కదా.

ఒక సంగతి చెప్పాలి. ఫోన్లో నాకు మాట రాదు. అందుకే చినబాబు షేర్ ఆటోలో ఈ కాగితం పంపుతున్నాను.

నేను ఇంటర్నెట్‌లో ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టాను. ఒకే ఒక్క విషయం మీద: జీడిపిక్కలు కొట్టేవాళ్లకు ఏ గ్లౌజులు మంచివి. అన్నిటి గురించీ రాసేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. దీని గురించి నాకు ఎవరూ కనబడలేదు. కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలన్నీ చదివి, పోల్చి, పదకొండు పేజీలు రాశాను. ప్రతి పేజీ కింద ఒక లింకు ఉంటుంది. దాన్ని నొక్కి ఎవరైనా కొంటే అమ్మే కంపెనీ నాకు కొంచెం కమీషన్ ఇస్తుంది. కొనేవాళ్లకు ధర పెరగదు. దీన్ని అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు.

ఆరు నెలల్లో ముగ్గురు కొనాలి. చుట్టాలు కొంటే లెక్కకు రాదు. ముగ్గురూ రాకపోతే నా ఖాతా మూసేస్తారు. ఐదు నెలలు అయిపోయాయి. ఇప్పటికి సున్నా. ఖాతా మూస్తే యలమంచిలిలో ఒక బడిలో టీచరుగా చేర్పిస్తానని నాన్న అన్నారు. క్లాసుకు నలభై మంది. వాళ్ల ముందు నిలబడి మాట్లాడాలి, అత్తా. నాకు ముగ్గురు చాలు. అదీ నా ముఖం చూడనక్కర్లేని ముగ్గురు.

ఇట్లు,
రోజారమణి

తా.క. దయచేసి ఈ సంగతి ఎవరికీ చెప్పకు.

---

కృష్ణదేవిపేట,
శుక్రవారం.

చిరంజీవి రోజాకి అత్త సింహాద్రమ్మ దీవించి రాసినది.

నీ ఉత్తరం అందినాది. పిక్కలు కొట్టే పాకలో అందరికీ సదివి ఇనిపించినాను. "ఓలమ్మా, మన రోజా ఇంత రాసినాదేటి!" అని లోవలచ్చిమి సుత్తి కింద పెట్టీసినాది. పుష్పవతి ఫోన్లో తీసి సూపించినాది. పైన నువ్వు రాసిన మొదటి మాటకే అందరం నోరెల్లబెట్టినాం. ‘ఈ లింకుల ద్వారా కొంటే నాకు కమీషన్ వస్తుంది’ అని ఎవులైనా ముందే సెప్పీసుకుంటారేటే గుంటా?

ఎడ్ల బేరాల సింగన్న అక్కడే ఉన్నాడు. "నలబై ఏళ్లుగా బేరాలు సేస్తన్నాను. నాకింత ముడతాదని ముందే సెప్పిన మడిసిని సూడనేదు. ఇది బేరమేటి, గుళ్లో పెమాణమేటి!" అని తువ్వాలు దులుపుకొని ఎల్లిపోనాడు.

కానీ నువ్వొకటి మరిసిపోనావు. మజ్జిన నిలబడి కమీషను తిన్నోడే సరుక్కి జామీను. సింగన్న ఇప్పించిన ఎద్దు దున్నకపోతే, కొన్నోడి వాకిట్లో నిలబడి సమాదానం సెప్పాల. లేదా ఎద్దుని ఎనక్కి తోలించాల. నువ్వు సూస్తే సిగ్గరివి. అందుకని నీ బదులు నానే జామీను ఉన్నాను. గ్లౌజు బాగోకపోతే తిన్నగా నా కాడికి రండని సెప్పినాను.

ఇట్లు,
నీ అత్త

తా.క. ఎవులికీ సెప్పొద్దన్నావు కదా. ఊర్లోవోళ్లకి తప్ప ఎవులికీ సెప్పనేదు.

---

నర్సీపట్నం,
సోమవారం.

అత్తకు రోజారమణి నమస్కారాలు.

జామీను అక్కర్లేదు, అత్తా. ఇక్కడ మధ్యలో ఉన్నవాళ్లు ఎవరి వాకిట్లోకీ వెళ్లరు. సరుకు బాగోకపోతే కంపెనీయే చూసుకుంటుంది. దయచేసి ఆ మాట వెనక్కి తీసుకో.

నిన్న నా పేజీలు ఎవరు చదివారో లెక్క చూశాను. తొమ్మిది మంది. అందులో ఒకరు బెనిన్ అనే దేశం నుంచి. ఆఫ్రికాలో ఉంది. నా పాత స్కూలు అట్లాసు తీసి వెతికాను. నా చిటికెన వేలి గోరంత దేశం. అక్కడా జీడితోటలున్నాయట. ఆ మనిషి నా పేజీ దగ్గర నాలుగు నిమిషాలు ఉన్నారు. నర్సీపట్నంలో నేను ఎవరితోనూ వరసగా నాలుగు నిమిషాలు మాట్లాడి ఎరగను. అన్నం తింటూ కూడా ఆ నాలుగు నిమిషాల గురించే ఆలోచించాను.

మొదటి బేరం కూడా వచ్చింది. ఎవరో నా లింకు నొక్కి లోపలికి వెళ్లి, గ్లౌజులు వదిలేసి, డజను క్రికెట్ బంతులు కొన్నారు. లింకు నొక్కిన రోజు వాళ్లు ఏది కొన్నా నా లెక్కలోకే వస్తుందట. ఆ తర్వాత నిజంగానే ఒకరు గ్లౌజులు కొన్నారు. రెండు అయ్యాయి. ఇంకొక్కరు చాలు. ఇరవై రోజులున్నాయి.

ఇట్లు,
రోజారమణి

తా.క. క్రికెట్ బంతుల సంగతి సింగన్నకు మాత్రం చెప్పకు.

---

కృష్ణదేవిపేట,
శనివారం.

చిరంజీవి రోజాకి అత్త దీవెనలు.

సింగన్నకి సెప్పీసినాను. "గొర్రిని సూడ్డానికొచ్చి గేదిని కొనుక్కెల్లినా కమీషనేనా!" అని అరుగు మీద కూకుండిపోనాడు. అప్పట్నించీ నిన్ను ‘అమ్మగోరు’ అంటన్నాడు.

మరి ఆ బంతులకీ నానే జామీను కదేటి. నాకు బంతుల సంగతేటి తెలుసు? ఒకటి తెప్పించి గోడకేసి కొట్టి సూసినాను. సున్నం రాలిపోనాది గాని బంతికేటీ అవనేదు. ఆ బెంగ ఒగ్గీ.

గ్లౌజులు కొన్నది మన పుష్పవతే. కానీ అవి మగోళ్ల సేతులకి కుట్టినవే. ఏలి కొసలు ఏలాడతన్నాయి. కటింగు మిషన్లో పడితే ఏలే పోద్ది. అందుకని ఎనక్కి పంపించీమన్నాను. కంపెనీ మడిసొచ్చి మారుమాట నేకుండా పట్టుకెల్లిపోనాడు. ఓలప్పా, ఎంత మంచి కంపెనీ!

దాంతో పాకలో అందరికీ నీ మీద గురి కుదిరిపోనాది. అమ్మినోళ్లే ఎనక్కి పంపించీమన్న బేరం ఎక్కడైనా ఉన్నాదేటి? కానీ మజ్జినున్న మడిసి మొకం సూడకండా రెండో బేరం సెయ్యరు మనోళ్లు. రేపు పద్నాలుగు మందీ మీ ఇంటికొస్తన్నారు. నాకు మోకాలు నొప్పి, నాను రాలేను. నువ్వే మాటాడు.

ఇట్లు,
నీ అత్త

తా.క. టీ కోసం కంగారు పడకు. మీ ఇంట్లో పద్నాలుగు గ్లాసులు నేవని నాకు తెలుసు. ఆళ్ల గ్లాసులు ఆళ్లే తెస్తన్నారు.

---

నర్సీపట్నం,
గురువారం.

అత్తకు రోజారమణి నమస్కరించి రాస్తున్నది.

నీ ఉత్తరం పదకొండు రోజుల కిందట, ఆదివారం ఉదయం అందింది. అది తెచ్చిన ఆటోలోంచే పద్నాలుగు మందీ దిగారు. ఎలా పట్టారో చినబాబును అడగలేదు.

వెనక్కి పంపిన సరుకును లెక్కలోంచి తీసేస్తారు, అత్తా. రెండు మళ్లీ ఒకటైంది. ఎందుకు తగ్గిందో తెలియక రెండు రోజులు అన్నం సహించలేదు. నీ ఉత్తరం చదివాక కోపం వచ్చింది. కానీ అప్పటికే వాళ్లు వాకిట్లో ఉన్నారు.

నాన్న ఇంట్లో లేరు. నేను తలుపు వెనక నిలబడ్డాను. లోవలక్ష్మి తొంగిచూసి, "మజ్జినున్న మడిసివి నువ్వేనా అమ్మా? ఇంత సన్నంగున్నావేటి!" అంది. ఏం చెయ్యాలో తోచక ఆమె చెయ్యి అడిగాను. నోటుబుక్కు మీద పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీశాను. తర్వాతావిడ అడక్కుండానే చెయ్యి చాపింది. పద్నాలుగు చేతులు గీశాను. ఒక్కటీ ఇంకొకదానిలా లేదు. గీస్తుంటే వాళ్లు చెప్పడం మొదలుపెట్టారు. గ్లౌజు ముందు బొటనవేలి దగ్గరే చిరుగుతుందట. చెమట పట్టిందంటే పిక్క జారుతుందట. ఒక్క ఎడమ చేతికే వేసుకునేవాళ్లు ఉన్నారట. నేను రాసిన పదకొండు పేజీల్లో ఇవేవీ లేవు. నేనూ మాట్లాడుతున్నానని సగం అయ్యాక గమనించాను. గంటన్నర.

ఆ రోజే ఆ చేతుల గీతలు ఫోటో తీసి పెట్టి పన్నెండో పేజీ రాశాను. ఏ చేతికి ఏ సైజు, ఎక్కడ చూసుకోవాలి, ఏది కొనకూడదు. పుష్పవతి వెనక్కి పంపిన సంగతి కూడా రాశాను. పది రోజుల్లో నాలుగు వందల మంది చదివారు. పలాస నుంచి, కొల్లం నుంచి, నాకు పలకడం రాని ఊళ్ల నుంచి. బెనిన్ నుంచి కూడా మళ్లీ ఎవరో వచ్చి పదిహేడు నిమిషాలు ఉన్నారు. లోవలక్ష్మి ఇంతవరకు విశాఖపట్నం చూడలేదు. ఆమె చెయ్యి ఆ దేశందాకా వెళ్లింది. కళ్లు మూసుకుంటే నాకు ఆ గీతే కనబడుతోంది.

ఈ ఉదయానికి లెక్క పంతొమ్మిది. ఒక్కటీ వెనక్కి రాలేదు. ఖాతా ఉంటుందని కంపెనీ నుంచి సందేశం వచ్చింది. నాన్న దాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చదివారు. యలమంచిలి మాట ఎత్తలేదు. "మీ అత్తని సలహా అడక్కు, అయినా అడుగు" అన్నారు.

ఈ ఆదివారం నేనే కృష్ణదేవిపేట వస్తాను. పాకలో నీ పక్కన నాకొక పీట వెయ్యి.

ఇట్లు,
రోజారమణి

తా.క. జామీను ఉన్నది నువ్వు కాబట్టి ముందు నీకే చెప్పాలి. నేను ఇంతవరకు ఒక్క జీడిపిక్క కూడా కొట్టలేదు.