పిట్లం రోడ్డు హద్దురాయి

బాన్సువాడ,
మార్చి 1978

పట్టణ విస్తరణ నియంత్రణ ప్రత్యేక విభాగం అధికారి దక్షిణామూర్తి సారుకు, రైతు ముత్తెన్న దండం పెట్టి రాసుకునేది.

ఇక్కడ మేమంతా క్షేమం, నా మడి తప్ప. పోయిన వారం మీవాళ్లు జీపులో వచ్చి, పిట్లం రోడ్డు పక్కన రాయి పాతి, "పట్టణం ఇంతకుమించి పెరగకూడదు, ఇదే హద్దు" అని చెప్పిపోయారు. రాయి దాటగానే నా రెండెకరాల వరిమడి. ఇక ఊరు దాని మీదికి రాదని సంబరపడ్డాను. కానీ రాయి పాతేముందు మీవాళ్లు కొబ్బరికాయ కొట్టారు, పసుపు కుంకుమ పెట్టారు. అందరూ చూశారు.

మా వాడలో అందరికన్నా పెద్దది చిన్నవ్వ. ఆమె రాయి మీద బిందెడు నీళ్లు పోసి, "గిది బొడ్రాయే బిడ్డా! సర్కారు కొత్త ఊరు పెడుతుంది" అన్నది. మా దగ్గర ఊరు పెడితే ముందు నడిబొడ్డున బొడ్రాయి పాతుతారు, తర్వాత దాని చుట్టూ ఇళ్లు లేస్తాయి. తండా నుంచి భద్రు వచ్చి అప్పుడే గుడిసె వేశాడు. దయచేసి మీ రాయి మీరు తీసుకుపోండి.

మీ విధేయుడు,
ముత్తెన్న

తా.క.: కాయ కొట్టింది మీవాళ్లే గానీ, చిప్పలు మీ డ్రైవరు జీపులో వేసుకుపోయాడు. చిన్నవ్వ తప్పు పట్టింది అదొక్కటే.

*

జిల్లా కార్యాలయం,
ఏప్రిల్ 1978

శ్రీ ముత్తెన్న గారికి,

మీ ఉత్తరం అందింది. పాతిన రాయిని తీసే అధికారం మాకు లేదు. పాతే అధికారం మాత్రమే ఉంది. రాయి దూరం నుంచి సరిగా కనిపించనందువల్లే ప్రజలు హద్దును గుర్తించలేకపోతున్నారని మా అభిప్రాయం. కనుక దానికి ఎర్ర రంగు వేయించి, చుట్టూ సిమెంటు గద్దె కట్టించమని ఆదేశించాం. హద్దు గీత ఉన్న పటం జతచేస్తున్నాం. గీత మీ మడి గట్టు మీదుగా పోతుంది. దాని అవతల ఇల్లు కట్టడానికి ఎంతటివారికీ అనుమతి లేదు.

భవదీయుడు,
దక్షిణామూర్తి

తా.క.: గీత అవతల బావి నీళ్లు తియ్యనా, ఉప్పనా? ఒకరు కనుక్కోమన్నారు.

*

బాన్సువాడ,
జూన్ 1978

దక్షిణామూర్తి సారుకు, ముత్తెన్న నమస్కారం. ఈసారి దండం పెట్టే ఓపిక లేదు.

రంగు ఆరకముందే చిన్నవ్వ మొక్కి, "సర్కారే సిందూరం పూసింది, ఇగ అనుమానమేంది?" అన్నది. గద్దె కట్టిన నాడు మేకపోతు తెగింది. మీ మేస్త్రీకీ ఒక తొడ ముట్టింది. ఇప్పుడక్కడ వాడ లేచింది, చాయ దుకాణం పడింది. బస్సు కూడా ఆగుతోంది, కండక్టరు "బొడ్రాయి, బొడ్రాయి" అని అరుస్తున్నాడు.

ఇటుకల బండ్లు నా నారుమడి తొక్కుతున్నాయి. నా పక్క మడి పండరిది. అతను దాన్ని పట్నం నుంచి వచ్చిన ఎవరో అమ్మగారికి అమ్మేశాడు. మా ఇంటామె సాయవ్వ, "అందరు అమ్ముకుంటుండ్రు, నువ్వొక్కనివి గా మడి పట్టుకొని ఏం జేస్తవ్?" అంటోంది. "అన్నం తింట" అన్నాను. ఆ పూట పెట్టలేదు.

మా నాయిన ఎడ్లతో చదును చేసిన నేల సార్ అది. దాని మీద ఎవరి స్నానాలగదో లేస్తే నేను చూడలేను. మీకు పుణ్యముంటుంది, ఇంకే మేలూ చేయకండి.

ముత్తెన్న

తా.క.: నీళ్లు తియ్యగానే ఉంటాయి. కానీ నల్లరేగడి, వానలకు గోడలు పగులుతాయి. అడిగినవారిని వరి వేసుకోమనండి.

*

జిల్లా కార్యాలయం,
జూలై 1978

శ్రీ ముత్తెన్న గారికి,

మీ మొర సానుభూతితో పరిశీలించాం. జనం ఎలాగూ గీత దాటుతున్నారు కనుక, వచ్చే నెల గీతనే ముందుకు జరిపి, మీ మడినీ పండరి మడినీ ఇళ్ల స్థలాల్లో చేరుస్తున్నాం. దీంతో గీత దాటేవారే ఉండరు. మీకు మా అభినందనలు.

భవదీయుడు,
దక్షిణామూర్తి

తా.క.: అక్కడ నమ్మకమైన మేస్త్రీ ఎవరు?

*

బాన్సువాడ,
జూలై 1978

దక్షిణామూర్తి సారుకు ముత్తెన్న మళ్లీ దండం పెట్టి రాసేది.

మీ అభినందనలు చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. పోయి చిన్నవ్వ ముందు కూర్చున్నాను. ఆమె, "బొడ్రాయి వెట్టినంక పొలి జల్లకుంటె ఎట్లరా? రాయి నడుమ ఉంటది, పొలి హద్దుకుంటది" అన్నది. పొలి అంటే బలి నెత్తురు కలిపిన అన్నం. ఊరి చుట్టూ చల్లుతారు. దాని లోపల ఊరి తల్లి కాపలా, అవతల ఎవరి కర్మ వారిది.

పొలి గంప నేనే ఎత్తుకుంటానన్నాను. భద్రు ముందు కాగడా పట్టాడు. మీ పటం చంకలో పెట్టుకొని, మీరు గీసిన మొదటి గీత మీదే, నా గట్టు వెంబడి చల్లుకుంటూ పోయాను. ఒక్క మెతుకు అవతల పడనివ్వలేదు. గట్టు దాటి గుంజలు పాతినవాళ్లు తెల్లారేసరికి పీక్కొని ఇవతలికి వచ్చేశారు.

మీరడిగిన నమ్మకమైన మేస్త్రీ రాందాసే. పండరి మడి కొన్న రాధాకుమారి అమ్మగారు మొన్న అతన్నే పిలిపించి, పునాదికి ముగ్గు పోయమన్నారు. రాందాసు గట్టు చూశాడు, తాపీ సంచిలో వేసుకున్నాడు. "పొలి అవతల నేను పునాది తియ్యనమ్మా, నాకు పిల్లలున్నరు" అని సైకిలెక్కాడు. వచ్చే నెల గీత జరుగుతుందని అమ్మగారు వాదించారు. నాకు కోపమొచ్చింది. "దక్షిణామూర్తి సారు అట్లాంటోడు కాదమ్మా! ఒకరి ఇంటి కోసం గీత జరుపుతడా?" అన్నాను. ఆమె ముగ్గుపిండి అక్కడే వదిలి వెనుదిరిగారు.

ముత్తెన్న

తా.క.: ఆమె దిగిన జీపూ, రాయి తెచ్చిన జీపూ ఒక్కటే. కొబ్బరిచిప్పల సంగతి ఎత్తొద్దని డ్రైవరు కళ్లతోనే బతిమాలాడు.

*

జిల్లా కార్యాలయం,
ఆగస్టు 1978

శ్రీ ముత్తెన్న గారికి,

గీత జరిపే ప్రతిపాదన రద్దయింది. మీ మడి మడిగానే ఉంటుంది. గీసిన గీత దగ్గర పట్టణం నిజంగా ఆగింది బాన్సువాడలోనే అని పైవారికి రాశాం. వారు సంతోషించి, మిగతా పట్టణాలకు కూడా ఇదే పద్ధతి పాటించమన్నారు. అయితే మేకపోతును ఏ పద్దు కింద చూపాలో లెక్కలవాళ్లు అడుగుతున్నారు.

భవదీయుడు,
దక్షిణామూర్తి

తా.క.: మా ఆవిడ రాధాకుమారి అడగమంది. ఆ నేలలో ఏ వరి బాగా పండుతుంది? బండ్లు తొక్కగా మిగిలిన నారు ఉంటే మాకు కొంత ఇవ్వగలరా? నాట్లనాడు కాయ మేమే తెస్తాం. చిప్పలు రెండూ చిన్నవ్వకే.