పడమటి ద్వారం

1914 సెప్టెంబర్ 19

ఈ రోజు బోర్లా పడుకుని సూపు గిన్నెతో మట్టి తవ్వాను. ఆగస్టులో ఇచ్చిన పారను బరువని దారిలో పారేసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎర్ర ప్యాంట్లు వేసుకుని బయొనెట్లు పట్టుకుని పరుగెత్తితే చాలు, జర్మన్లు పారిపోతారని చెప్పారు. మెషీన్ గన్ ముందు మేమే గడ్డి కోసినట్టు పడ్డాం. ఇప్పుడు వాళ్ళు భూమిలోకి దిగారు. మేమూ దిగుతున్నాం.

పక్క గోతిలో లెయోనార్, మా అక్క మరియెట్ మొగుడు. ఇద్దరం క్రోజ్ జిల్లా వాళ్ళం, తాపీ మేస్త్రీలం. ఏటా పారిస్ వెళ్ళి మేడలు కట్టేవాళ్ళం. ఆరో అంతస్తు మీద నిలబడే మనిషివి, పందికొక్కులా ఈ తవ్వుడేమిటి బావా అన్నాను. మీ అక్కతో అనకు, ఉన్న కాస్త పరువూ పోతుంది అన్నాడు.

స్టేషన్లో అక్క నాతో ఒకటే మాట అంది. ఆయన్ని నడిపించుకుని తీసుకురా, మోయించుకుని కాదు అని.

నవంబర్ 8, ఆర్త్వా

గొయ్యీ గొయ్యీ కలిసి ట్రెంచ్ అయింది. ఇటు సముద్రం దాకా, అటు స్విట్జర్లాండ్ దాకా ఉందట. తిన్నగా ఉంటే ఒక్క షెల్‌తో వరసంతా పోతుంది కాబట్టి వంకర టింకరగా తవ్వమని ఆర్డర్. వంకర గోడ కట్టడానికి మేస్త్రీకి చెయ్యి రాదు.

పైన కప్పు వేద్దాం, గోడకి పలకలు కొడదాం అని బావ లెఫ్టినెంట్‌ని అడిగాడు. అక్కర్లేదు, వసంతం వచ్చేసరికి ఇక్కణ్ణుంచి ముందుకి పోతాం, ఇక్కడ కాపురాలు పెడతారా అన్నాడాయన. బావ నా దగ్గరికొచ్చి, ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ గొయ్యి కట్టి చూడు అని ఎవరూ అనలేదురా అన్నాడు. నవ్వాను. వాన మొదలైంది.

డిసెంబర్ 17

మోకాళ్ళ దాకా నీళ్ళు. గోడలు కూలుతున్నాయి, మళ్ళీ ఎత్తుతున్నాం, మళ్ళీ కూలుతున్నాయి. ఎలుకలకి మనుషులంటే భయం పోయింది. చచ్చినవాళ్ళని ఎక్కడ పాతామో మర్చిపోయి అక్కడే తవ్వుతున్నాం. దీని గురించి ఇంతకంటే రాయను.

బావ బూట్లు కత్తితో కోసి తీయాల్సి వచ్చింది. పాదాలు ఉబ్బి నీలంగా ఉన్నాయి, గిల్లితే తెలియడం లేదు. పొడిగా ఉంచకపోతే కోసేస్తానన్నాడు డాక్టర్. ఈ నీళ్ళలో పొడి చోటు ఎక్కణ్ణుంచి తేను? ఇంతకంటే పాడైన కాళ్ళతో వెనక ఆసుపత్రికి పోతున్నవాళ్ళే ఎక్కువ, చోటు లేదు పొమ్మన్నాడు. కొవ్వు రాసి, మేస్త్రీలం నడుముకు చుట్టుకునే నా ఎర్ర ఫ్లానెల్ గుడ్డని రెండుగా చింపి ఆయన పాదాలకి కట్టాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటూ మూలుగుతూనే నవ్వించాడు. కాళ్ళు లేని మేస్త్రీ పరంజా ఎలా ఎక్కుతాడు? ఆయనా అదే ఆలోచిస్తున్నాడు, నాకు తెలుసు.

జనవరి 30

బావ పాదాలు ఇంకా ఉన్నాయి.

1915 మార్చి 16

ఎదురుగా ఉన్న దిబ్బ మీది జర్మన్ ట్రెంచ్ పట్టుకున్నాం. ఎంతమంది మిగిలామో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు.

నడవలేని బావని తర్వాత వీపు మీద మోసుకొచ్చాను. లోపలికి దిగి నోరెళ్ళబెట్టాం. గోడలకి పలకలు. పది మెట్లు దిగితే సుద్దరాయిలో తొలిచిన గది, పడకలు, స్టవ్, గోడకి అద్దం కూడా. సుద్దరాయిని ఎంత నున్నగా కోశారో అని బావ అరచేత్తో రాసి చూశాడు. వీళ్ళు ఉండడానికి వచ్చారు, మనం రేపు వెళ్ళిపోదామని కూర్చున్నాం అన్నాడు. చలికాలమంతా వీళ్ళు ఇక్కడ వెచ్చగా పడుకున్నారని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. కోపం ఎవరి మీదో తెలియలేదు.

మార్చి 17, ఉదయం

ద్వారం తూర్పుకి ఉంది. ఎండ మెట్ల మీదుగా గది మధ్య దాకా వచ్చింది. మా ఊళ్ళో వాన పడమర నుంచి కొడుతుంది కాబట్టి ఇళ్ళన్నీ పడమరకి వీపు పెట్టే ఉంటాయి. ఇది కదరా ఇల్లంటే, కట్టినవాడు మనూరి వాడే అయ్యుంటాడు అని బావ మురిసిపోయాడు. నేనూ మురిశాను. మెట్టు మీద కూర్చుని పాదాలు ఎండలో పెట్టాడు. చిటికెన వేలు జివ్వుమంటోందన్నాడు. మూడు నెలల తర్వాత.

మార్చి 18

పక్క గదిలోకి షెల్ తిన్నగా ద్వారంలోంచే దూరింది. లోపలున్న ఎవరూ మిగల్లేదు.

మేం ఎంత వెధవలం. జర్మన్ల ఇల్లు కాబట్టి ద్వారం జర్మన్ల వైపే ఉంది. ఎండ ఎక్కణ్ణుంచి వస్తోందో వాళ్ళ ఫిరంగి కూడా అక్కడే ఉంది. ఊళ్ళో ఇంటికి మంచిదని నేర్చుకున్నది ఇక్కడ చంపుతుందని ఇద్దరు మేస్త్రీల బుర్రకి తట్టలేదు.

ద్వారం మూసేసి, వెనక గోడ తొలిచి దిబ్బకి పడమటి వైపు తెరుద్దామన్నాను. అటు మన వాళ్ళే ఉన్నారు. బావ ఒప్పుకోలేదు. ఇంకో నాలుగు పొద్దులు ఎండ తగిలితే నడుస్తానురా అని బతిమాలాడు. చిన్నపిల్లాడిలా కొట్లాడాడు. ఆయన చూస్తుండగానే మట్టి బస్తాలు పేర్చాను. చివరి బస్తా పెట్టేటప్పుడు మొహం తిప్పుకున్నాడు.

మార్చి 22

పని అయింది. సాయంత్రం ఎండ పడమటి ద్వారంలోంచి గదిలోకి వచ్చింది.

పడమరకి ద్వారం పెట్టిన మేస్త్రీని మన ఊళ్ళో చీపురుతో కొడతారు, వాన సూపులో పడుతుంది అన్నాడు బావ. అంటూనే గుమ్మంలో కూర్చుని పాదాలు బయటికి చాపాడు. ఎడమ పాదం గులాబీ రంగుకి తిరిగింది. గోడ పట్టుకుని రెండడుగులు వేశాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం, ఇద్దరం.

మార్చి 24

తెల్లారుతుండగా జర్మన్లు గ్రెనేడ్లతో మీద పడ్డారు. నేను నీళ్ళకని దిబ్బ కింద ఉన్నాను. పైకి పరుగెత్తాను. కిందికి వస్తున్న మనవాళ్ళు నన్ను ఈడ్చుకొచ్చేశారు. వదలమని అరిచాను, ఒకణ్ణి కొరికాను.

దిబ్బ వాళ్ళది. మేం మళ్ళీ పాత గొయ్యిలో, నీళ్ళలో. బావ ఆ గదిలోనే ఉండిపోయాడు. నేను నీళ్ళకి బయల్దేరినప్పుడు నిద్రపోతున్నాడు.

మార్చి 25, సాయంత్రం

ఫిరంగి ఆఫీసర్ వచ్చాడు. చీకటి పడేలోగా ఆ గదుల్ని కొట్టాలి, ద్వారాలు ఎటున్నాయో తెలిసినవాళ్ళెవరు అన్నాడు. అందరూ నావైపు చూపించారు. దుర్భిణి నా చేతికిచ్చాడు.

ఎండ దిబ్బ మీద నిండుగా పడుతోంది. నేను తొలిచిన గుమ్మంలో రెండు పాదాలు బయటికి చాపి ఉన్నాయి. ఎర్ర గుడ్డలు. ఒకటి కదిలింది.

ఆ నల్లమచ్చ ఏమిటి అన్నాడు ఆఫీసర్.

షెల్ పడ్డ గొయ్యి సార్, ద్వారం తూర్పుకే, ఇటునుంచి కనబడదు అన్నాను.

రేపు మేం మళ్ళీ ఆ దిబ్బ ఎక్కాలి. రేపు మా వాళ్ళని కాల్చేవాళ్ళు ఈ రాత్రి ఆ గదిలోనే వెచ్చగా పడుకుంటారు. తెలుసు.

పొద్దు గుంకేదాకా ఆయన పాదాలు ఎండలోనే ఉన్నాయి.