పది లెక్కపెట్టే దాకా

జహీరాబాద్, 1982 ఆగస్టు, గురువారం రాత్రి

ఇవాళ మాణెమ్మ గెలిచింది. టీచర్ ట్రైనింగులో చేరిన నెలకే "నాతోని కాదు సార్, రాయికోడ్ వాపస్ పోత" అన్న పిల్ల. మొదటి ఏడాది వాళ్ళకు సలహాలు చెప్పే పని నాదే కాబట్టి, అప్పుడు ఒకటే చెప్పాను: ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టు, జవాబు నువ్వే చెప్పెయ్యకు.

ఈ ఉదయం చిరాగ్‌పల్లి బడిలో సాధన పాఠం చెబుతూ అదే చేసింది. "వాన నీళ్ళు ఎటు పోతాయి?" అని అడిగి ఊరుకుంది. వెనక కూర్చున్న నేనే ఆగలేక పెన్ను మూత కొరికాను. చివరికి ఒక మూల నుంచి చిన్న పిల్ల లేచి, "మా బాయిలకు వస్తయి టీచర్" అంది. నా ఛాతీ ఉప్పొంగింది.

తిరుగు బస్సులో మెచ్చుకుంటే మాణెమ్మ తల వంచుకుంది. "కోపం జెయ్యకుండ్రి సార్. ఎందుకు పోతనంటున్నవని ఆ దినం నన్ను అడిగిన్రు. జవాబు ఇనకుంటనే సలహా చెప్పిన్రు."

నిజమే. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నన్ను దిద్దింది. పొద్దుటి గర్వం కన్నా ఈ గర్వం ఇంకా ఎక్కువ.

"ఇప్పుడు చెప్పు" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. మనసులో నా లెక్క పది దాటింది, జహీరాబాద్ వచ్చేసింది, ఆమె ఇంకా చెప్పలేదు. ఈసారి సలహా చెప్పకుండా, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.