రెండో గిన్నె అన్నం

చిన్నమ్మడికి అమ్మ దీవెనలు.

నీ నడుం నొప్పి తగ్గిందా? అల్లుడుగారికి మళ్ళీ రాత్రి డ్యూటీలు వేశారన్నావు, కళ్ళమంటలు ఎలా ఉన్నాయి? బుడ్డదానికి దగ్గు పూర్తిగా పోయిందా, ఇంకా పొద్దుటిపూట వస్తోందా? మీ అత్తగారి మోకాళ్ళో? ఎవరి సంగతి వాళ్ళది విడిగా రాయి. అందరం బాగున్నామని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు ఇంకా భయం వేస్తుంది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీ నాన్న తింటున్నారు, తిరుగుతున్నారు.

బుడ్డది బడికి ఫ్రైడ్ రైస్ కావాలంటోందని, ఎలా చెయ్యాలో అడిగావు. వేడన్నంతో చెయ్యకు, ముద్దవుతుంది. రాత్రి మిగిలింది ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యి. బయట వదిలేస్తే పాడై పిల్లకి వాంతులు పట్టుకుంటాయి. పొద్దున తడిచేత్తో ఉండలు విడదీసుకో. బాండీ బాగా కాగాక నూనె, ఉల్లిపాయ, సన్నగా తరిగిన క్యారెట్, బీన్సు. అవి మెత్తబడకముందే పక్కకి జరిపి గుడ్డు కొట్టు, అది గట్టిపడ్డాక అన్నం వెయ్యి. మంట తగ్గించకు, దగ్గర్నుంచి కదలకు. ఉప్పు, మిరియాల పొడి చివర్న. మీ నాన్నయితే బాండీ ఊపి అన్నం ఎగరేస్తారు. నువ్వు ఎగరెయ్యకు, చేతులు కాల్చుకుంటావు.

ప్రతి ఉత్తరంలోనూ ఫ్రైడ్ రైసేనా, ఇద్దరికి వండుకుంటే అంత అన్నం ఎలా మిగులుతోందే అమ్మా అని ఎగతాళి చేశావు. చదివి నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

మనింట్లో అన్నం వండేది మీ నాన్నే కదా. కార్ఖానా క్యాంటీన్‌లో అన్నేళ్ళు వండిన చెయ్యి, రిటైరయినా ఊరుకోదు. ఆ మధ్య ఓ పొద్దున అన్నం వండి దించి, కాసేపటికే మళ్ళీ బియ్యం కడగడం మొదలెట్టారు. ఇదేమిటంటే, ఆకలిగా ఉందన్నారు. మర్నాడూ అంతే. ఎత్తిచూపితే చిన్నబుచ్చుకుంటారని ఆ రెండో గిన్నెనే వేయిస్తూ వచ్చాను. కిందింటి దర్జీ భార్యకి కూడా ఇస్తుంటే, హోటలు పెడుతున్నారా అత్తయ్యా అని వేళాకోళమాడింది. అక్కడా నవ్వేశాను. నీకు మాత్రం రాయలేదు తల్లీ.

మొన్న నేను స్నానానికి వెళ్ళినప్పుడు బాండీలో నూనె పోసి, మంట పెద్దది చేసి, బయట తాళం వేసుకుని వెళ్ళిపోయారు. నేను వచ్చేసరికి వంటింటి నిండా పొగ, నా చెయ్యి నాకే కనబడలేదు. పొయ్యి ఎలా కట్టేశానో తెలీదు. కిటికీలోంచి అరిస్తే దర్జీ వచ్చి తాళం పగలగొట్టాడు. మీ నాన్నని కార్ఖానా గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ తీసుకొచ్చాడు. డ్యూటీకి వేళయిపోతోంది, లోపలికి పోనివ్వవా అని అతన్ని తిట్టారట.

సెలవుల్లో బుడ్డదాన్ని మా దగ్గర వదులుతానని రాశావు. తాతయ్య పక్కన నిలబెట్టుకుని ఫ్రైడ్ రైస్ నేర్పిస్తారని దానికి చెప్పేశావట. అది చదివినప్పట్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. వద్దంటే ఎందుకో చెప్పాలి. చెబితే ఆయన పరువు పోతుందని ఇన్నాళ్ళూ నోరు నొక్కుకున్నాను.

ఇవాళ పొద్దున గ్యాసు కట్టేసి, లైటరు బట్టల బీరువాలో దాచాను. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి నావంక చాలాసేపు చూశారు. ఏమే అని తప్ప పిలిచి ఎరగని మనిషి, ఎంతో మర్యాదగా అడిగారు.

"ఏమ్మా, మీరు కొత్తగా చేరారా? షిఫ్టు వదిలే వేళయింది, పొయ్యి ఎవరు ఆర్పారు?"

"ఇప్పుడే వెలిగిస్తానండీ" అన్నాను. ఇంకేమనను?

ఆ మాటకి తృప్తిపడి బియ్యం కడగడానికి వెళ్ళారు. ఇది రాస్తుంటే ఇంకా కడుగుతూనే ఉన్నారు, నీళ్ళ చప్పుడు ఆగడం లేదు.

పిల్లని ఇక్కడ వదలొద్దు. దాన్ని మీ అత్తగారి దగ్గర ఉంచి, నువ్వూ అల్లుడుగారూ రండి. సెలవులదాకా ఆగొద్దు. దర్జీ వెళ్ళి పెద్దాసుపత్రిలో మాట్లాడాడు, సోమవారం పొద్దున్నే తీసుకురమ్మన్నారట. తాళం వేసి ఉంటే కిందింట్లో అడగండి, కొత్త తాళం కొని దాని మారు తాళంచెవి వాళ్ళకిచ్చి ఉంచాను. ఈ నెల పన్నెండో తేదీ, ఆదివారం, చీకటి పడకముందే వచ్చెయ్యండి.

ఇట్లు,
మీ అమ్మ