బండ మీద ఎవరినీ పడుకోబెట్టరాదు

వికారాబాద్ జిల్లా తాండూరు పట్టణంలో నివసిస్తున్న, కీర్తిశేషులు మొగులప్ప భార్యనూ, రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలినీ అయిన రాహేలమ్మ అనే నేను, డెబ్బై ఆరేళ్ల వయసులో, నా స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఇది. నా మతి స్థిరంగా ఉంది. ఈ సంగతి నేను చెబితే చాలదని తెలుసు గనుక ఈ ఉదయమే డాక్టర్ మల్లిక గారి చేత పరీక్ష చేయించుకుని, ఆమె ఇచ్చిన ధ్రువపత్రం జత చేశాను. నా మీద ఎవరి ఒత్తిడీ పనిచేయలేదు. ఒత్తిడి చేయాలని చూసినవాళ్లు ఉన్నారు. సందర్భం వచ్చినచోట వాళ్ల పేర్లు ఉన్నాయి. నా పేరుతో ఇంతకు ముందరి వీలునామా ఏదైనా బయటికి వస్తే అది చెల్లదు.

1. దీన్ని అమలు చేసే బాధ్యత వికారాబాద్‌లో ఉంటున్న రిటైర్డ్ లెక్కల మాస్టారు పాండురంగం గారిది. మేమిద్దరం చాలా ఏళ్లు ఒకే బడిలో పనిచేశాం. బడి గోడ గడియారాన్ని నేను కావాలని ముందుకు తిప్పి, వేళకు వచ్చిన ఉపాధ్యాయులను ఆలస్యంగా వచ్చినట్టు చూపుతున్నానని ఆయన పై అధికారికి అర్జీ పెట్టారు. గడియారం సరిగానే ఉండేది. ఆనాటి నుంచి ఆయన నన్ను నమ్మరు, నేను ఆయనను నమ్మను. నా మీద జాలితో గానీ, నా వాళ్ల దగ్గర మొహమాటంతో గానీ ఒక్క అక్షరం అటూ ఇటూ కదపని మనిషి నాకు ఇంకొకరు దొరకలేదు. పదవీ విరమణ నాడు బడివాళ్లు నాకు ఇచ్చేసిన ఆ గడియారం ఆయనకే చెందాలి. ఇప్పటికైనా సరిచూసుకోవచ్చు.

2. నా పెద్ద కొడుకు వెంకటేశానికి వికారాబాద్‌లోని ఇల్లు, కోట్‌పల్లి దగ్గరి కంది చేను సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. రెండూ నా స్వార్జితం. ఇతను తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నాడు. తన వాటా తక్కువైందని ఇతను అనడు. గోదాము పక్కనున్న హాలు తనకు రాలేదని అంటాడు. కోర్టుకు పోతే ఏమని వాదిస్తాడో కూడా నాకు తెలుసు. పోయిన నెల నా ముఖం మీదే అన్నాడు: "అమ్మా, గా ఊగుడు క్లాసులల్ల వడి నీ దిమాఖ్ జర ఖరాబైంది. చెయ్యి గట్ల వణుకుతుంటె నీ సంతకం ఎవరు నమ్ముతరు?" ఆ క్లాసులేమిటో నాలుగో అంశంలో, ఈ మాటకు జవాబు తొమ్మిదో అంశంలో ఉన్నాయి.

3. తాండూరులో నేనుంటున్న ఇంటి ముందరి హాలు, దాని వాకిలి. హద్దులు: తూర్పున ఈరయ్య మేకల దొడ్డి, పడమర రోడ్డు, ఉత్తరాన వెంకటేశం గోదాము, దక్షిణాన మా ఇల్లు. హాలునూ వాకిలినీ నా మనవరాలు నిరోషాకు కింది షరతులతో ఇస్తున్నాను. ఇంటిని ఆమె తల్లి, నా చిన్న కోడలు రెబెక్కకు ఏ షరతూ లేకుండా ఇస్తున్నాను. రెబెక్క ఇప్పటికే చాలినన్ని షరతుల్లో బతికింది.

4. హాలులో జరిగే పని ఏమిటో నా వారసులకూ, అవసరమైతే జడ్జి గారికీ అర్థం కావాలని రాస్తున్నాను. 2019లో నాపరాళ్ల గనిలో అంచు విరిగిపడి ముగ్గురు చనిపోయారు. ఒకడు నా చిన్న కొడుకు చంద్రకాంత్. ఇంకొకరు ఇప్పుడు హాలుకు వచ్చే హన్మమ్మ భర్త. పరిహారం కాగితాలు వచ్చాయి. ఆ ఇళ్లలో ఆడవాళ్లకు తర్వాత పట్టుకున్నదానికి మాత్రం ఏ ఆసుపత్రిలోనూ మందు దొరకలేదు. ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోవడం, లారీలోంచి రాళ్లు దించే చప్పుడుకు కాళ్లు చచ్చుబడటం, నిద్రలో పళ్లు కొరకడం. బొంరాస్‌పేట నుంచి వచ్చే ఒకామె స్కానింగులన్నీ సంచిలో వేసుకుని తిరిగేది. అన్నిటిలోనూ అంతా బాగుందనే ఉంది.

నిరోషా ఫిజియోథెరపిస్టు. భయం మనసు మరిచినా ఒళ్లు మరవదని, ఊపిరితో, కదలికతో, కాళ్లు నేలకు ఆనించి కూర్చోవడంతో దాన్ని నెమ్మదిగా సడలించవచ్చని చదివింది. నేర్పేవాళ్లను వెతికి పట్టుకుంది. విదేశంలో పుట్టి హైదరాబాద్‌లో ఆఫీసు తెరిచిన సంస్థ, పేరు విశ్వదేహ స్వస్థత సంఘం. వైద్యం అందని పేదలకు ప్రపంచమంతటా ఈ చికిత్సను చేర్చడమే తమ ధ్యేయమని వాళ్ల కాగితం మీద ఉంది. ప్రపంచమంతటా అన్న మాట కనపడితే నేను కాగితం వెనక్కి తిప్పి చూస్తాను. వెనక, చిన్న అక్షరాల్లో, హాలులో తీసిన ఫొటోలూ వీడియోలూ సంఘం సొత్తు అని ఉంది.

మొదటి రోజు సంఘం తరఫున మహిధర్ అనే యువకుడు వచ్చాడు. మర్యాద తెలిసినవాడే. ఆడవాళ్లందరినీ నాపరాళ్ల నేల మీద వెల్లకిలా పడుకోమని, కళ్లు మూసుకుని చేతులు గుండె మీద పెట్టుకోమని చెప్పాడు. మా దగ్గర మనిషి పోతే వాకిట్లో నాపరాయి మీద వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు మూసి, చేతులు గుండె మీదికి చేర్చి చివరి స్నానం పోస్తారు. చర్చికి పోయేవాళ్లమైనా, గుడికి పోయేవాళ్లైనా బండ ఒకటే. అతనికి ఇది తెలియదు. నిరోషాకు తెలుసు, కానీ పాఠంలో ఉన్నట్టే చేయాలనుకుంది. వీపు రాయికి తగలగానే హన్మమ్మ లేచి కూర్చుంది. "మా ఆయనను గిట్లనే పండవెట్టి నీళ్లు వోసిన్రు. బతికున్నదాన్ని, నన్నెందుకు పండవెడ్తవ్ బిడ్డా?" అని నిరోషాను అడిగి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది. ఆమె వెనకే అందరూ వెళ్లారు. ఇక్కడి జనం ఇంకా సిద్ధంగా లేరని సంఘం తన నివేదికలో రాసుకుంది.

తర్వాత నిరోషా ఇంటింటికీ పోయి, ఎలా కూర్చుంటే బాగుంటుందో వాళ్లనే అడిగింది. ఇప్పుడు నేల మీద గోనె పట్టాలు ఉంటాయి. అందరూ గోడకు వీపు ఆనించి, కళ్లు తెరిచి, తలుపు కనపడేలా కూర్చుంటారు. కందులు చెరిగేటప్పుడు ఒళ్లు ఊగినట్టు ఊగుతారు. "పండవెట్టకుంటెనే వస్త" అని ఖరారు చేసుకుని హన్మమ్మ తిరిగి వచ్చింది. ఇందులో ఏదో మతలబు ఉందని నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని నెలల తరబడి కాపలా కాశాను. దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదు. కానీ బొంరాస్‌పేట ఆమె సంచి తేవడం మానేసింది.

5. షరతులు. హాలులో ఎవరినీ బండ మీద పడుకోబెట్టరాదు. అడగకుండా ఎవరి ఒంటి మీదా చెయ్యి వేయరాదు. వద్దన్నవాళ్లను మళ్లీ అడగరాదు. జరిగింది చెప్పమని ఎవరినీ పీడించరాదు. ఏడుపును ఫొటో తీయరాదు. నవ్వును కూడా తీయరాదు, ఎందుకంటే ముందు ఏడుపు, తర్వాత నవ్వు పక్కపక్కన పెట్టి చూపడం మహిధర్ ఫోనులో నేను చూశాను. ప్రార్థనలు చేయించరాదు, ఏ ఆదివారమూ చర్చి తప్పని నేనే ఈ మాట రాస్తున్నాను. డాక్టరిచ్చిన మాత్రలు మానమని చెప్పరాదు. ఉచితంగా నేర్పాలి, హాలు జమాఖర్చులు ఎప్పటికప్పుడు అక్కడి ఆడవాళ్లకు చదివి వినిపించాలి. వీటిలో ఏది తప్పినా పాండురంగం గారు తలుపుకు తాళం వేయవచ్చు. ఆయనకు అది ఇష్టమైన పనే.

6. హాలుకు తమ బోర్డు పెట్టి దక్షిణ భారత కేంద్రంగా చేస్తామని సంఘం రెండుసార్లు రాసింది. బోర్డు వద్దు. అయితే నిరోషా వాళ్ల దగ్గర నేర్చుకున్న మాట నిజం, దాన్ని దాచుకోవడం మర్యాద కాదు. తను నేర్చుకున్నదీ, ఇక్కడ మార్చుకున్నదీ తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో రాసి అడిగిన ప్రతివారికీ ఇవ్వాలి. పోయిన వానాకాలం ఆఫ్రికాలో ఏదో రాతి గనుల ఊరి నుంచి ఇద్దరు ఆడవాళ్లు నిరోషా ఫోనులో, వీడియో కాల్‌లో కనపడ్డారు. వాళ్లనూ ఎవరో వచ్చి పడుకోమన్నారట, వాళ్లూ లేచి పోయారట. నిరోషా ఇంగ్లీషులో ఏదో వివరించబోతే హన్మమ్మ ఆపింది: "గంత కథ ఎందుకు? పండుకోకుర్రి, గోడకు కూసోర్రి అని చెప్పు." అటువైపు వాళ్లు మాట అర్థం కాకముందే నవ్వారు. వాళ్లెవరో, ఆ ఫోను మధ్యలో ఎవరు వింటారో నాకు తెలియదు. అయినా ఈ రాకపోకలు ఆపరాదు. ఇక్కడికి వచ్చే దారి ఉన్నప్పుడు ఇక్కడి నుంచి పోయే దారీ ఉండాలి. సంఘం ఎవరినైనా పంపితే రానివ్వాలి. వచ్చినవాళ్లు మొదటి వారం నేర్పరాదు, గోనె పట్టా మీద కూర్చోవాలి.

7. చిన్న వస్తువులు. నా ఉన్ని శాలువా హన్మమ్మకు. నా ఒంటి మీద దాన్ని చూసి బాగుందని ఆమె ఒక్కనాడూ అనలేదు, అందుకే. నా కుట్టుమిషను రెబెక్కకు. అది ఆగినప్పుడల్లా తిట్టకూడదు, నూనె వేయాలి. మహిధర్‌కు ఒక గోనె పట్టా, కొత్తది కాదు. నివేదిక వెళ్లిపోయాక అతను ఒక్కడే బస్సులో వచ్చి హన్మమ్మ వాకిట్లో నిలబడి తప్పయిందన్నాడు. ఎవరు పంపితే వచ్చాడో నేను ఇంకా కనుక్కోలేదు.

8. వాకిట్లో కుళాయి పక్కనున్న పెద్ద నాపరాయి మీద చంద్రకాంత్‌కు చివరి స్నానం పోశాం. ఆనాటి నుంచి రెబెక్క దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోతుంది. వెంకటేశం పగలగొట్టిస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. నాకూ దాని మీదే నీళ్లు పోయాలి. ఆ తర్వాత దాన్ని ఎత్తి, హాలు గోడ పక్కన కింది అంచు భూమిలోకి పాతి నిలబెట్టాలి. పడుకున్న బండను అందరూ తప్పుకుపోతారు. నిలబడిన బండకు వీపు ఆనించి కూర్చోవచ్చు. ఈ పని వెంకటేశమే చేయాలి. బండ చిట్లకుండా నిలబెట్టడం అతనికి తెలిసినట్టు తాండూరులో ఎవరికీ తెలియదు.

తమ్ముణ్ణి రాళ్ల కిందనుంచి బయటికి లాగింది కూడా వెంకటేశమే. ఆనాటి నుంచి ఇతని కుడి భుజం చెవి దాకా లేచే ఉంది, దించడం మరిచిపోయాడు. దాని గురించి మాట్లాడడు. క్లాసులను ఎగతాళి చేస్తాడు. ఎగతాళి చేయడానికని తలుపు దాకా వచ్చి, అవసరమైనదానికన్నా ఎక్కువసేపు నిలబడతాడు. నేను కిటికీ దగ్గర కూర్చున్నది ఊరికే కాదు. హాలు రెండో తాళపుచెవి ఇతనికి. ఎవరూ లేనప్పుడు రావచ్చు. ఎందుకు వచ్చావని ఎవరూ అడగరాదు, నిరోషా కూడా.

9. సంతకం గురించి. గనిలో తూటాలు పేల్చే ముందు, మధ్యాహ్నం పూట, సైరన్ మోగుతుంది. చంద్రకాంత్ పోయినప్పటి నుంచి ఆ మోతకు నా కుడి చెయ్యి బిగుసుకుని వణుకుతుంది, కలం జారిపోతుంది. ఆ వేళకు చేతిని కొంగు కింద పెట్టుకుని, అడిగినవాళ్లకు వాతం అని చెప్పేదాన్ని. ఒకరోజు నిరోషా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకోకుండానే, "నానమ్మా, కాళ్ల కింద నేలున్నదా సూడు" అన్నది. నేల ఎక్కడికి పోతుందని కసిరాను. అయినా చూశాను. ఉంది. ఆ తర్వాత రోజూ, ఆమె లేనప్పుడు కూడా, చూస్తున్నాను.

నయమైందని నేను రాయను. రాహేలమ్మకు నయమైందని ఎవరైనా ఎక్కడైనా అచ్చు వేస్తే పాండురంగం గారు ఖండించాలి. చెయ్యి ఇప్పటికీ వణుకుతుంది. కలం మాత్రం జారడం లేదు.

ఉదయం పూట చేస్తే సంతకం కుదురుగా వస్తుందని పాండురంగం గారు సలహా ఇచ్చారు. కుదురుగా వస్తే అది నా చెయ్యి కాదని వెంకటేశం అంటాడు. అందుచేత సైరన్ మోగుతుండగా, సాక్షులు చూస్తుండగా చేస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి. అవి నావి. దిద్దను. సాక్షులిద్దరికీ ఇందులో ఏమీ ఇవ్వలేదు; ఇస్తే అది చెల్లదని తెలుసు. ఈరయ్య నొచ్చుకోకూడదు.

తాండూరు, 2025 డిసెంబరు 9, మంగళవారం.

(సంతకం) రాహేలమ్మ

సైరన్ మోగినంతసేపూ రాహేలమ్మ గారు రెండు పాదాలూ నేలకు ఆనించి కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా తన పేరు పూర్తిగా రాయడం మేమిద్దరం చూశాము. ఆమె ఎదుట సాక్షి సంతకాలు చేశాము.

1. డాక్టర్ మల్లిక, తాండూరు
2. ఈరయ్య, మేకల పెంపకందారు, తాండూరు

అమలు బాధ్యత స్వీకరిస్తున్నాను. సైరన్ వేళను నా చేతి గడియారంతోనూ, గోడ గడియారంతోనూ పోల్చి చూశాను. గోడ గడియారం సరిగానే ఉంది.

(సంతకం) పాండురంగం, వికారాబాద్