కార్డు ముక్క మీద మిస్ మైసూర్

కుప్పం,
30-5-1986

పూజ్యులైన లింగప్ప బావగారికి, మీ బావమరిది పాపన్న నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, ఈశ్వరమ్మ కులాసా. వీడియో హాలు మాత్రం కులాసాగా లేదు. పక్క వీధిలో ఇంకొకడు పెట్టాడు.

అందుకని శనివారాలు రైలెక్కి బెంగుళూరు గుర్రప్పందేలకు పోతున్నాను. తిట్టకండి, ఇందులో ఒక ఉపాయం ఉంది. పోయిన వారం పందెం క్యాసెట్టు తెచ్చుకుని మళ్ళీ మళ్ళీ వేసి చూడాలి. గెలిచిన గుర్రాన్ని అందరూ చూస్తారు, దానిమీదే అందరూ కడతారు, కాబట్టి గెలిచినా తక్కువే వస్తుంది. మనం చూడాల్సింది వెనకొచ్చిన వాటిని. సత్తువ ఉండీ దారి దొరక్క ఓడిపోయింది ఏది? దాన్ని ఎవరూ పట్టించుకోరు.

మీరు సంతలో గొడ్డు నాలుగడుగులు వేస్తే దాని సంగతంతా చెబుతారు. క్యాసెట్టు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాను. పుంగనూరులో వెంకటరమణప్ప వీడియో షాపులో వేయించుకుని చూడండి. కావేరి కింగ్, రెడ్ టర్బన్ రెండూ వెనకబడినవే. ఏది మంచిదో రాయండి.

ఇట్లు, పాపన్న

తా.క.: ఈశ్వరమ్మ ఏమందంటే, "రెండు పందేలు సూస్తా. రెండూ పోతే నీ వీడియో డెక్కూ టీవీ అమ్మేసి ఎనుముల్ని కొంటా. అవన్నా పాలిస్తాయి." డెక్కు పోతే నేను బతకలేను బావా.

&nbsp;

ఎర్రగుట్టపల్లె, సదుం దగ్గర,
3-6-1986

చిరంజీవి పాపన్నకు ఆశీస్సులు. కార్డు ముక్కే దొరికింది, దీంట్లోనే ఇరికిస్తున్నాను.

క్యాసెట్టు నాలుగుసార్లు చూశాను. కావేరి కింగ్‌కు మెడ పొట్టి. ముందుకాళ్ళు సరిగా లేవు. మలుపులో మూడు గుర్రాల వెనక ఇరుక్కుని నిలబడిపోయింది. ఊరికే ఇచ్చినా మన కొట్టంలో కట్టకూడదు. రెడ్ టర్బన్ మాత్రం ఏం తల, ఏం తోక! ఎంత కళగా ఉందో.

ఇట్లు, లింగప్ప

తా.క.: మా పోస్టుమాన్ గంగులయ్య పక్కనే కూర్చుని ఉన్నాడు. కార్డు చదివి అక్షరాలు గుండ్రంగా ఉన్నాయన్నాడు.

&nbsp;

కుప్పం,
9-6-1986

బావగారికి నమస్కారాలు. మీ మాట నమ్మి రెడ్ టర్బన్ మీద కట్టాను. అది అందరికన్నా వెనక వచ్చింది. గెలిచింది మీ పొట్టిమెడ కావేరి కింగే. దానిమీద కట్టినవాళ్ళు ఒకటికి పది తీసుకుని పోయారు. ముప్పై ఏళ్ళుగా సంతలో మీరు చూసింది ఎద్దులనేనా అని అనుమానంగా ఉంది.

ఇట్లు, పాపన్న

తా.క.: ఈశ్వరమ్మ ఒక వేలు మడిచింది.

&nbsp;

ఎర్రగుట్టపల్లె,
12-6-1986

పాపన్నకు లింగప్ప ఆశీర్వదించి రాయునది. ఇది కవరు, బాగా అంటించాను, కాబట్టి నిజం రాస్తున్నాను.

నీకు బుద్ధి ఉందా? కొనాలనుకున్న గొడ్డును నలుగురిలో ఎవడైనా పొగుడుతాడా? పొగిడితే ధర ఎక్కదా? మదనపల్లె సంతలో నేను ఏ ఎద్దును బాగా తిడితే ఆ ఎద్దు సాయంత్రానికి మన కొట్టంలో ఉంటుంది. కార్డు అంటే నలుగురిలో ఉన్నట్టే. మూడు గుర్రాల వెనక ఇరుక్కుంది అని రాశాను కదా, దారి దొరికితే గెలుస్తుందని నీకు తెలియదా? మీ అక్క రెడ్డెమ్మను పెళ్ళిచూపుల్లో చూసినప్పుడు కూడా "పిల్ల కొంచెం పొట్టి" అనే కదా అన్నాను.

ఇట్లు, లింగప్ప

తా.క.: ఆ పొట్టి మాట మీ అక్క ఇంకా మరిచిపోలేదు. ఈ రోజు అన్నం నేనే పెట్టుకున్నాను.

&nbsp;

కుప్పం,
15-6-1986

బావగారికి నమస్కారాలు. ఇప్పుడు అర్థమైంది. ఇంకో క్యాసెట్టు పంపుతున్నాను. ఇందులో వెనకబడిన వాటిలో మిస్ మైసూర్, సండే బాయ్ రెండింటినీ చూడండి. శనివారం లోపల జవాబు రావాలి. ఇదే చివరిది. ఈసారి తిట్లూ పొగడ్తలూ తిప్పకుండా నేరుగా రాయండి.

ఇట్లు, పాపన్న

తా.క.: ఈశ్వరమ్మ ఎనుముల ధరలు అడగడం మొదలుపెట్టింది.

&nbsp;

ఎర్రగుట్టపల్లె,
18-6-1986

పాపన్నకు ఆశీస్సులు. నువ్వు కోరినట్టు నేరుగా రాస్తున్నాను. మిస్ మైసూర్ బంగారం లాంటి గుర్రం. మలుపులో బయటికి నెట్టేశారు, లేకపోతే అదే గెలిచేది. పందెం అయ్యాక కూడా రొప్పలేదు. దానిమీదే కట్టు. సండే బాయ్ వద్దు.

ఇట్లు, లింగప్ప

తా.క.: పోస్టాఫీసులో కవర్లు అయిపోయాయంట. అందుకని కార్డు.

&nbsp;

కుప్పం,
24-6-1986

బావా, డెక్కు పోయింది.

కార్డు చేతికి రాగానే నవ్వుకున్నాను. కార్డు అంటే నలుగురిలో ఉన్నట్టే అని మీరే కదా నేర్పారు. అంత పొగిడారంటే మిస్ మైసూర్ ఎందుకూ పనికిరానిదని అర్థం చేసుకున్నాను. కవర్లు అయిపోయాయన్నది కూడా గంగులయ్య కోసం రాసిందే అనుకున్నాను. ఉన్నదంతా సండే బాయ్ మీద కట్టాను. మిస్ మైసూర్ రెండు గుర్రాల పొడుగు ముందు గెలిచింది.

పందెం కట్టే కిటికీ దగ్గర మన వైపు మాట మాట్లాడేవాళ్ళు పదిమంది, భుజాన తువ్వాళ్ళు వేసుకుని "మిస్ మైసూరుకే రాయప్పా" అంటున్నారు. పాపం, వీళ్ళకు చెప్పేవాళ్ళు లేరే అని జాలిపడ్డాను.

సోమవారం ఈశ్వరమ్మ డెక్కూ టీవీ అమ్మేసింది. హాలులో ఇప్పుడు రెండు ఎనుములున్నాయి. నాకు ఏడుపొస్తోంది బావా.

ఇట్లు, పాపన్న

తా.క.: కొన్నది ఎవరో పుంగనూరు వైపు మనిషంట. కాకీ చొక్కా వేసుకుని వచ్చాడంట.

&nbsp;

ఎర్రగుట్టపల్లె,
29-6-1986

చిరంజీవి పాపన్నకు లింగప్ప, రెడ్డెమ్మల ఆశీస్సులు. నీ డెక్కు పోయినందుకు నాకు నిజంగా బాధగా ఉంది. అది యాడికీ పోలేదు. మా చావడిలో ఉంది.

నా కార్డు నీకంటే ముందు ఊరంతా చదివింది. గంగులయ్య చావడిలో నిలబడి ఏమన్నాడంటే, "ముప్పై ఏండ్లలో లింగప్ప నోట ఒక గొడ్డు గురించి మంచిమాట వచ్చింది ఈ పొద్దే. ఇది అబద్ధం అయ్యేదానికే లేదు, పదండప్పా." పదిమంది మదనపల్లె పోయి బెంగుళూరు బస్సెక్కారు. నేను కట్టలేదు. నేను పొగిడిన దానిమీద నేనే ఎట్లా కట్టేది?

వచ్చిన దాంతో గంగులయ్య నీ డెక్కు కొన్నాడు. ఆ శనివారం పందెం క్యాసెట్టు కూడా తెప్పించాడు. రోజుకు రెండాటలు. రెండాటల్లోనూ మిస్ మైసూర్ గెలుస్తోంది.

ఈశ్వరమ్మ కొన్న ఎనుములు మంచివని కండక్టరు చెప్పాడు. ఇది కవరులో రాస్తున్నాను, ఉన్నదున్నట్టు చదువుకో.

ఇట్లు, లింగప్ప

తా.క.: ముసలి మునెమ్మ మాత్రం రోజూ ముందు వరసలో కూర్చుని సండే బాయ్ పక్షమే పడుతోంది. "బిడ్డ ఈ పొద్దన్నా గెలవకపోతాడా" అంటుంది. ఒంటరిగా ఉంది పాపం, నువ్వొచ్చి ఆమె పక్కన కూర్చో. గంగులయ్య నీకు టికెట్టు అడగనన్నాడు.